కంప్రెసర్ వేడి ఎవరి ఖాతాలో వెయ్యాలి? బస్సులు, లారీలు తయారుచేసేవాళ్ళకి ఓ బహిరంగ లేఖ

బస్సులూ లారీలూ డిజైన్ చేసే ఇంజనీర్లకి, ఆ బళ్ళ బ్రేకులకి గాలి నొక్కి ఇచ్చే ఎయిర్ కంప్రెసర్లూ, ఆ గాలిలో తేమ తీసే డ్రయర్లూ సప్లై చేసే కంపెనీల వాళ్ళకి, ఛాసిస్ మీద బాడీ కట్టేవాళ్ళకి నమస్కారం.

నేను హెవీ బళ్ళ మెయింటెనెన్స్‌లో, అందులోనూ ఎయిర్ సిస్టమ్ మీద చాలాకాలంగా పనిచేస్తున్నవాణ్ణి. మీరంతా ఒకచోట కూర్చుని తేల్చాల్సిన విషయం ఒకటుంది, విడివిడిగా ఎవర్ని అడిగినా తేలట్లేదు కాబట్టి అందరికీ కలిపి ఇలా రాస్తున్నా. అదేంటంటే కంప్రెసర్ వేడి. కంప్రెసర్ గాలితోపాటు ఆయిల్ కొడుతోందని కంప్లైంట్ పెడితే కంప్రెసర్ వాళ్ళు వచ్చి హెడ్డు విప్పి చూసి, ఇది ఓవర్‌హీట్ అయిందండీ, మీ బండిలో కూలింగ్ సరిగ్గా లేదు, మాది కాదు అంటారు. బండి వాళ్ళని అడిగితే డ్రాయింగ్‌లో చెప్పినట్టే నీళ్ళ లైను ఇచ్చాం కదా అంటారు. డ్రయర్ వాళ్ళేమో అంత వేడి గాలి పంపిస్తే లోపల తేమ పీల్చే గుళికలుండే కార్ట్రిడ్జ్ ఎలా నిలబడుతుందని మమ్మల్నే ఎదురు అడుగుతారు. విడివిడిగా చూస్తే ముగ్గురు చెప్పేదీ నిజమే, చిక్కంతా అక్కడే ఉంది. ముగ్గురి డ్రాయింగులకీ మధ్యలో ఉన్న వేడి ఎవరి డ్రాయింగులోనూ లేదు.

ఇంకో సంగతి చూడండి. డ్రైవర్ ముందు ఇంజన్ నీళ్ళ టెంపరేచర్ మీటర్ ఉంటుంది, ఆయిల్ ప్రెషర్ లైటు ఉంటుంది, గాలి ఎంత ఉందో చూపించే మీటర్లు ఉంటాయి, ఈమధ్య బళ్ళలో అయితే ఎగ్జాస్ట్ గ్యాస్ ఎంత వేడిగా ఉందో కూడా ఈసీయూకి (బండిలోని కంట్రోల్ కంప్యూటర్‌కి) తెలుస్తుంది. బ్రేకులకి గాలి ఇచ్చే కంప్రెసర్ హెడ్డు ఎంత కాలుతోందో మాత్రం నేను చేతులు పెట్టిన బళ్ళలో ఎక్కడా కొలవరు. కొలవనిదానికి ఎవడూ జవాబుదారీ కాడు కదా. ఈ లేఖలో నేను అడిగేవాటిలో మొదటిది ఇదే, మిగతావన్నీ దీని వెనకే వస్తాయి.

అసలు ఎంత వేడి పుడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు గానీ, ఇది చదివే షెడ్డు వాళ్ళ కోసం, బండి ఓనర్ల కోసం ఒక్కసారి లెక్క వేసి చూపిస్తా. 30 డిగ్రీల గాలిని ఎక్కడా వేడి పోనివ్వకుండా మీటర్ మీద 8 బార్ దాకా (బయటి గాలి ఒత్తిడి కన్నా సుమారు 8 రెట్లు అదనంగా) నొక్కితే సిద్ధాంతం ప్రకారం అది దాదాపు 295 డిగ్రీలకి వెళ్తుంది. 12 బార్ అయితే 350 దాటిపోతుంది, ఇప్పుడు కొత్త సిస్టమ్స్‌లో ప్రెషర్ ఆ వైపుకే వెళ్తోంది. నిజం బండిలో హెడ్డులో తిరిగే నీళ్ళూ సిలిండర్ రెక్కలూ కొంత లాక్కుంటాయి కాబట్టి అంత రాదు, అయినా లోడ్ మీద, అంటే గాలి నొక్కే పనిలో, ఎక్కువసేపు ఉన్న కంప్రెసర్ డెలివరీ (గాలి బయటికొచ్చే చోటు) దగ్గర 200 చుట్టుపక్కల చూడ్డం వింతేం కాదు. నిమిషానికి 500 లీటర్ల గాలి లాగే కంప్రెసర్ అయితే ఆ గాలిలోకి ఎక్కే వేడి రెండున్నర కిలోవాట్ల పైమాటే, అంటే ఇంట్లో స్నానాల గదిలో ఉండే గీజర్ ఎంతో అంత, అదీ రెండు అరచేతులంత హెడ్డులోంచి బయటికి పోవాలి.

ఈ వేడి చేసే మొదటి పాడు పని ఆయిల్ మీద. కంప్రెసర్‌లో తిరిగేది ఇంజన్ ఆయిలే, రింగులు ఎంత కొత్తవైనా కొద్దిగా పైకి వస్తూనే ఉంటుంది, అది మామూలే. ప్రతి 10 డిగ్రీలకీ ఆయిల్ ముదిరే వేగం దాదాపు రెట్టింపు అవుతుందని మన పనిలో ఎప్పట్నుంచో ఒక లెక్క ఉంది, కచ్చితంగా అలాగే జరుగుతుందని కాదు గానీ దారి మాత్రం అదే. ఆ పైకొచ్చిన కొద్ది ఆయిలూ డెలివరీ వాల్వ్ మీద, హెడ్డు లోపల, పైపు మొదటి అడుగులో మాడి కార్బన్ అయిపోతుంది. ఇక్కడ్నుంచే అసలు కథ మొదలు. 12 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న పైపులో చుట్టూ ఒకటిన్నర మిల్లీమీటర్ల కార్బన్ పట్టిందనుకోండి, చూడ్డానికి ఏమంత అనిపించదు, దారి మాత్రం 9 మిల్లీమీటర్లకి వచ్చేసింది, ఏరియా దాదాపు సగం పోయింది, అదే గాలి అందులోంచి తోయడానికి ప్రెషర్ నష్టం నాలుగు రెట్లు దాటుతుంది. కంప్రెసర్ ఎప్పుడు నొక్కాలో ఎప్పుడు ఆపాలో చెప్పే గవర్నర్‌కి ఈ సంగతి తెలీదు, అది చూసేది ట్యాంకు ప్రెషర్ మాత్రమే. డాష్‌బోర్డు మీద 8 బార్ కనిపిస్తుంటే హెడ్డు లోపల పిస్టన్ 9కో 10కో నొక్కుతూ ఉంటుంది. ఎక్కువ ప్రెషర్ అంటే ఎక్కువ వేడి, ఎక్కువ వేడి అంటే ఎక్కువ కార్బన్. ఈలోపు డెలివరీ వాల్వ్ మీద కార్బన్ పట్టి అది సరిగ్గా మూసుకోదు, అప్పుడు బయటికి తోసిన వేడి గాలే కొంత మళ్ళీ సిలిండర్‌లోకి వెనక్కొస్తుంది, దాన్నే మళ్ళీ నొక్కాలి, ఒకసారి కాలినదాన్ని మళ్ళీ కాల్చడమే. ఈ దశకి వచ్చిన కంప్రెసర్ నీళ్ళు ఎంత తిప్పినా చల్లబడదు.

రెండోది డ్రయర్. ఇక్కడ నాకు కొంచెం కోపం ఎక్కువ, ఎందుకంటే కంప్రెసర్ చేసిన తప్పుకి శిక్ష పడేది డ్రయర్‌కి. డ్రయర్‌లోకి వచ్చే గాలి 65, 70 డిగ్రీల లోపు ఉండాలని సాధారణంగా అడుగుతారు, ఊరికే అడగరు. తేమ బాగా ఉన్న రోజున 30 డిగ్రీల గాలిని లాగి 8 బార్‌కి నొక్కాక, అది డ్రయర్ దగ్గరికి 50 డిగ్రీలకి చల్లబడి వస్తే అందులో ఉన్న నీళ్ళలో మూడింట రెండొంతులు అప్పటికే బొట్లు కట్టేసి ఉంటాయి, డ్రయర్ అడుగున పడి బయటికి పోతాయి, గుళికలు పీల్చాల్సింది మిగిలిన ఒక వంతే. అదే 70కి వస్తే లెక్క తిరగబడుతుంది, ఎక్కువ భాగం ఇంకా ఆవిరిగానే ఉంటుంది, ఆ ఆవిరి భారమంతా గుళికల మీదే పడుతుంది, రెండున్నర రెట్లు అన్నమాట. అదీ కాక వేడిగా ఉన్న గుళిక తేమని సరిగ్గా పట్టుకోదు. పైగా ఆయిల్ ఆవిరి కూడా వేడి గాలితో కలిసి లోపలికి దూరి గుళికలకి పూత పూసేస్తుంది. ఆర్నెల్లకే కార్ట్రిడ్జ్ మార్చాల్సి వస్తే ఓనర్ కార్ట్రిడ్జ్ క్వాలిటీ బాలేదని తిట్టుకుంటాడు, ఇంకో బ్రాండ్ వేస్తాడు, అదీ పోతుంది. డ్రయర్ దాటిన నీళ్ళు ట్యాంకులో చేరి తుప్పు పట్టిస్తాయి, ఆ తుప్పూ ఆయిల్ జిగురూ కలిసి బ్రేక్ వాల్వులు పట్టేస్తాయి, చలి దేశాల్లో అయితే ఆ నీళ్ళే లైన్లో గడ్డకడతాయి. కాబట్టి కంప్రెసర్ కూలింగ్ అంటే కంప్రెసర్ ఎన్నాళ్ళు బతుకుతుందనే లెక్క కాదండీ, బ్రేకు లెక్క.

సరే, వేడి ఎక్కడ తగ్గించొచ్చు అనేదానికొస్తా. గాలి వెళ్ళే దారిలోనే వరసగా చూద్దాం, లోపలికి పోయే దగ్గర్నుంచి.

లోపలికి తీసుకునే గాలి. కొన్ని బళ్ళలో కంప్రెసర్ సక్షన్ పైపు టర్బో పక్కనుంచి, ఎగ్జాస్ట్ పైన నుంచి వేస్తారు, దగ్గర దారి కదా అని. లోపలికి వెళ్ళే గాలి 10 డిగ్రీలు పెరిగితే బయటికొచ్చే గాలి 8 బార్ దగ్గర లెక్క ప్రకారం దాదాపు 19 డిగ్రీలు పెరుగుతుంది, అంటే లోపల చేసిన పొరపాటు బయట ఇంచుమించు రెట్టింపు అయి కనిపిస్తుంది. టర్బో ఇచ్చే గాలినే కంప్రెసర్‌కి వాడుతుంటే ఆ గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ తర్వాత నుంచి తియ్యండి, ముందు నుంచి కాదు. విడిగా ఫిల్టర్ పెట్టిన కంప్రెసర్లలో ఆ చిన్న ఫిల్టర్ ఎక్కడ పెడుతున్నారో కూడా చూస్కోండి, చక్రం లేపే దుమ్ములో పెడితే వారం తిరక్కుండా మూసుకుంటుంది, అప్పుడు సక్షన్‌లో వాక్యూమ్ వచ్చి రింగుల పక్కనుంచి ఆయిల్‌ని పైకి లాగుతుంది, నొక్కాల్సిన నిష్పత్తీ పెరుగుతుంది, రెండు వైపులా దెబ్బ.

తర్వాత హెడ్డులో నీళ్ళు. ఇవి చల్లటి నీళ్ళు అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఇంజన్ కూలెంట్ కదండీ, అదే 85, 90 డిగ్రీల మీద ఉంటుంది. 200 డిగ్రీల గాలికి అది చల్లనిదే గానీ, అది పనిచెయ్యాలంటే అక్కడ ఆగకూడదు, కదులుతూ ఉండాలి. నేను చూసిన ఓవర్‌హీట్ కేసుల్లో చాలావాటిలో కూలెంట్ ఉంది, ఫ్లో లేదు. సన్నటి హోసు, మధ్యలో రెండు మడతలు, ఇంజన్ బ్లాకులో ప్రెషర్ తేడా పెద్దగా లేని రెండు పాయింట్ల మధ్య కట్టిన సప్లై, రిటర్న్ లైన్లు, ఫిట్టింగ్ లోపలికి పొంగుకొచ్చిన గ్యాస్కెట్ పేస్టు, మామూలు నీళ్ళు పోసి పోసి పట్టిన పొర. ఇంకోటి, కంప్రెసర్ హెడ్డు ఇంజన్‌లో ఎత్తుగా ఉండే చోట పడితే గాలి బుడగ వచ్చి అక్కడే కూర్చుంటుంది, కూలెంట్ మార్చిన ప్రతిసారీ ఇదే గొడవ, బ్లీడ్ స్క్రూ ఉండదు, హోసు వదులు చేసి గాలి తీయాలి, అది మాన్యువల్‌లో రాసి ఉండదు. రిటర్న్ లైను హెడ్డు పైనుంచి ఎక్కుతూ పోయేలా పెడితే బుడగ దానంతటదే పోతుంది కదా, ఇదేం పెద్ద ఖర్చు కాదు. ఫ్లో ఉందో లేదో చూసుకోడానికి కూడా ఏదో ఒక దారి పెట్టండి, ప్రస్తుతానికి మేం చేసేది సప్లై, రిటర్న్ హోసులు రెండిటి మీదా ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెట్టి తేడా చూడ్డం, కంప్రెసర్ లోడ్ మీద ఉండగా తేడా బాగా ఎక్కువ కనిపిస్తే ఫ్లో లేనట్టే, అసలు తేడాయే లేకపోయి హెడ్డు మాత్రం కాలిపోతుంటే నీళ్ళు లోపలికే వెళ్ళట్లేదన్నమాట.

సిలిండర్ రెక్కల గురించి ఎక్కువ చెప్పను. ఆయిల్ చెమ్మ మీద దుమ్ము పడి మట్టి కడితే అది కంబళి కప్పినట్టే, కడగాలి, అది మా పని, మేం చేసుకుంటాం. కాకపోతే రెక్కలకి గాలి తగిలే చోట కంప్రెసర్ పెట్టడం మీ పని. ఇంజన్ వెనకాల, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి ఎదురుగా పెట్టేసి రెక్కలు ఇచ్చాం కదా అంటే ఆ రెక్కలు వేడి పోగొట్టవు సరికదా ఎదురు పీల్చుకుంటాయి.

ఇప్పుడు డెలివరీ పైపు. నన్నడిగితే బండిలో అన్నిటికన్నా చవకైన కూలర్ ఇదే, అన్నిటికన్నా నిర్లక్ష్యం చేసేదీ దీన్నే. కంప్రెసర్ నుంచి డ్రయర్ దాకా వెళ్ళే ఈ పైపు గాలిని మోసుకెళ్ళే గొట్టం మాత్రమే అనుకుంటే డిజైనర్ దాన్ని వీలైనంత పొట్టిగా చేస్తాడు, ఖాళీ ఉన్నచోట నుంచి తిప్పుతాడు, రబ్బరు హోసు వేస్తే వైబ్రేషన్ గొడవ ఉండదని అదే వేస్తాడు. అది కూలర్ అని మనసులో పెట్టుకుంటే డ్రాయింగ్ ఇంకోలా వస్తుంది. కనీసం రెండు మీటర్లు లోహం పైపు ఉండాలి, రాగి అయినా స్టీల్ అయినా సరే, వేడిని బయటికి వదిలేది లోహమే, రబ్బరు వదలదు. ఫ్లెక్సిబుల్ ముక్క తప్పదనుకుంటే కంప్రెసర్ వైపు వేడి తట్టుకునే అల్లిక హోసు కొద్దిగా, మిగతాదంతా లోహం. పైపు మొదట్నుంచి చివరిదాకా డ్రయర్ వైపుకి దిగుతూ పోవాలి, మధ్యలో పల్లం ఉంటే నీళ్ళు ఆయిలూ అక్కడే నిలిచి జిగురు కట్టి కార్బన్‌కి పునాది వేస్తాయి. మలుపులు తక్కువ, ఉన్నవి కూడా పెద్ద వంపులు, తొంభై డిగ్రీల ఎల్బోలు వద్దు, కార్బన్ ఎప్పుడు చూసినా ముందు ఎల్బోలోనే దొరుకుతుంది. సైలెన్సర్ పక్కనుంచి పోనివ్వకండి, ఫ్రేము బయట గాలి తగిలే వైపు పోనివ్వండి. స్థలం లేదంటారా, రెక్కలున్న పైపు వెయ్యండి, లేదా చిన్న ఆఫ్టర్‌కూలర్ కాయిల్ పెట్టండి, రేడియేటర్ ముందు చేటంత చోటు చాలు.

దీనికి రెండో వైపు ఉంది, అది చెప్పకపోతే నేనూ ముగ్గురిలో ఒకడినే అవుతా. పైపు మరీ పొడుగైతే, గాలి డ్రయర్ దగ్గరికి రాకముందే సున్నా కిందకి పోయే చలి ఉన్నచోట, నీళ్ళు పైపులోనే గడ్డకట్టి దారి మూసేస్తాయి. అందుకే ఎండ దేశానికీ మంచు దేశానికీ ఒకే పైపు పనికిరాదు. మీరు ఒకే ఛాసిస్‌ని పది దేశాలకి అమ్ముతారు, ఇంజన్ ఆయిల్ గ్రేడు మారుస్తారు, బ్యాటరీ మారుస్తారు, హీటర్ మారుస్తారు, ఈ పైపు పొడవు మాత్రం మార్చరు. రెండు పైపులకి రెండు పార్ట్ నంబర్లు ఇవ్వడం అంత కష్టమా?

డ్రయర్ ఎక్కడ బిగిస్తారన్నది కూడా ఇందులోకే వస్తుంది. ఇంజన్ పక్కన బ్రాకెట్ ఉంది కదా అని అక్కడే బిగిస్తే పైపు ఎటూ పొట్టిదే అవుతుంది, డ్రయర్ బాడీ కూడా ఇంజన్ వేడికి కాలుతుంది. వెనకాల ఇంజన్ ఉన్న బస్సుల్లో ఇది మరీ ఎక్కువ, ఇంజన్ గది మూసేసి ఉంటుంది, గాలి ఆడదు.

ఇక కంప్రెసర్ ఎంతసేపు పనిచేస్తుందన్న విషయం. ఇది చూడకుండా కూలింగ్ గురించి ఎంత మాట్లాడినా ఉపయోగం లేదు. హైవే లారీల్లో వాడే మామూలు పిస్టన్ కంప్రెసర్ ఇంజన్ నడిచిన సమయంలో నాలుగో వంతు, అంటే 25 శాతం మించి లోడ్ మీద ఉండకూడదన్నది ఈ ఫీల్డులో వాడే లెక్క. మిగతా ముప్పావు వంతు సమయంలో అన్‌లోడర్ పనిచేసి గాలి నొక్కకుండా తిరుగుతుంది, హెడ్డు చల్లబడేది అప్పుడే. ఇప్పుడు సిటీ బస్సు చూడండి, ప్రతి స్టాపులో బ్రేకు, తలుపులు తెరవడం మూయడం, ఎయిర్ సస్పెన్షన్ వంగడం లేవడం, మళ్ళీ సిగ్నల్ దగ్గర బ్రేకు. గాలి ఎక్కువ ఖర్చయ్యేది బండి నిలబడి ఉన్నప్పుడే, సరిగ్గా అప్పుడే ఇంజన్ ఐడిల్‌లో ఉంటుంది, వాటర్ పంపు నెమ్మదిగా తిరుగుతుంది, ముందు నుంచి తగిలే గాలి ఉండదు, కంప్రెసర్ కూడా నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి ట్యాంకు నిండటానికి ఎక్కువసేపు పడుతుంది. టెస్ట్ బెంచి మీద రేటెడ్ ఆర్పీఎంలో చూసిన టెంపరేచర్‌తో దీనికి సంబంధమే లేదు.

దానికితోడు బండి మూడేళ్ళు తిరిగాక లీకులు మొదలవుతాయి, ఒక బ్రేక్ చాంబర్ డయాఫ్రమ్, ఒక తలుపు సిలిండర్, రెండు కప్లింగులు, వినిపించేంత పెద్దవి కూడా కాదు, సబ్బునీళ్ళు పోస్తేగానీ తెలీవు. కంప్రెసర్ ఊపిరి తీసుకునే టైమంతా వీటికే పోతుంది. అందుకే కంప్రెసర్ కాలుతోందని బండి వస్తే నేను ముందు స్పానర్ తీయను, ఇంజన్ ఆపి మీటర్ ముల్లు ఎంత త్వరగా దిగుతుందో చూస్తా, తర్వాత ఇంజన్ నడుపుతూ గవర్నర్ ఎంతసేపటికి కట్ అవుతోంది, ఎంతసేపటికి మళ్ళీ ఎత్తుకుంటోంది అన్నది వాచీ పెట్టి చూస్తా. సగం కేసుల్లో కంప్రెసర్ తప్పు ఉండదు.

బాడీ కట్టేవాళ్ళూ, మీకు ఒక మాట. ఖాళీ ఛాసిస్‌కి సరిపోయే కంప్రెసర్ ఇచ్చి పంపిస్తే మీరు దానికి గాలి తలుపులు, గాలి సీటు, ఇంకా ఏవేవో తగిలిస్తారు, ఎవరూ మళ్ళీ లెక్క వెయ్యరు. తగిలించే ముందు నిమిషానికి ఎన్ని లీటర్లు అదనంగా పోతుందో ఛాసిస్ వాళ్ళకి రాసి ఇవ్వండి. ఛాసిస్ వాళ్ళూ, ఎంత దాకా తగిలించొచ్చో మీ బాడీ బిల్డర్ గైడులో ఒక నంబర్ వెయ్యండి. గాలి వాడకం నిజంగానే ఎక్కువున్న బళ్ళకి పెద్ద కంప్రెసర్ అయినా ఇవ్వాలి, మధ్యలో ఇంటర్‌కూలర్ ఉన్న రెండు స్టేజీల కంప్రెసర్ అయినా ఇవ్వాలి. ఒకే దెబ్బకి 8 బార్‌కి నొక్కితే లెక్క ప్రకారం 295 వచ్చేది, రెండు సమాన దఫాలుగా నొక్కి మధ్యలో పూర్తిగా చల్లారిస్తే ఒక్కో దఫా 140 చుట్టూ ఆగిపోతుంది. పూర్తిగా చల్లార్చడం బండిలో కుదరదు, సగం కుదిరినా ఆయిల్ మాడదు. ఖర్చు ఎక్కువే, ఒప్పుకుంటా, అన్ని బళ్ళకీ అక్కర్లేదు.

ఎలక్ట్రిక్ బస్సులు చేసేవాళ్ళకి విడిగా రాయాలి అసలు, ఇక్కడే కొంచెం చెప్తా. వీటిలో ఇంజన్ కూలెంట్ లేదు, కంప్రెసర్‌కి సొంత మోటారు, చాలావాటిలో సొంత ఫ్యాన్. ఇంజన్ శబ్దం లేదు కాబట్టి కంప్రెసర్ శబ్దం ప్రయాణికులకి వినిపిస్తుంది, వినిపించకుండా చుట్టూ ఫోమ్ పెట్టి డబ్బాలో మూసేస్తారు. శబ్దం తగ్గుతుంది, ఫ్యాన్ మాత్రం డబ్బా లోపలి వేడి గాలినే మళ్ళీ మళ్ళీ తిప్పుతూ ఉంటుంది. గాలి వచ్చే దారీ పోయే దారీ విడివిడిగా, ఒకదానికొకటి ఎదురు కాకుండా డక్ట్ కట్టండి. మోటారు ఆగగానే ఫ్యాన్ ఆగకూడదు, ఇంకో నిమిషమో రెండో తిరగాలి, హెడ్డులో దాచుకున్న వేడి బయటికొచ్చేది అప్పుడే.

వీటిలోనే ఇంకో తమాషా ఉంది, కూలింగ్ ఎక్కువైనా గొడవే. లోపల ఆయిల్ తిరిగే స్క్రూ, వేన్ రకం కంప్రెసర్లు కొద్దిసేపు నడిచి ఆగి, మళ్ళీ కొద్దిసేపు నడుస్తూ ఉంటే ఆయిల్ తగినంత వేడెక్కదు, గాలిలోని తేమ ఆవిరిగా బయటికి పోకుండా ఆయిల్లోనే దిగిపోతుంది, కొన్నాళ్ళకి మూత తీస్తే పాలలాంటి ఆయిల్ కనిపిస్తుంది, బేరింగులు పోతాయి. వీటికి ఆయిల్ 80, 90 డిగ్రీల మధ్య ఉండేలా థర్మోస్టాట్ కావాలి, ఫ్యాన్ కూడా టెంపరేచర్ చూసి తిరగాలి. అంటే మళ్ళీ మొదటికే వచ్చాం, ఎక్కువైనా తక్కువైనా తెలియాలంటే కొలవాలి.

కాబట్టి అడిగేది సూటిగా చెప్తున్నా. కంప్రెసర్ డెలివరీ పోర్టు దగ్గర గాలి టెంపరేచర్ చూసే సెన్సర్ ఒకటి పెట్టండి. ఇంకొకటి డ్రయర్ ఇన్‌లెట్ దగ్గర. బండిలో ఇప్పటికే ఉన్న సెన్సర్ల గుంపులో ఇవి రెండు లెక్కలోకి రావు. వీటి మధ్య తేడా చూస్తే పైపు ఎంత పనిచేస్తోందో తెలుస్తుంది, మొదటిది మెల్లగా నెలనెలా పెరుగుతుంటే కార్బన్ పడుతోందని తెలుస్తుంది, ఒక్కసారిగా పెరిగితే నీళ్ళు ఆగాయనో వాల్వ్ పోయిందనో తెలుస్తుంది. దీంతోపాటు కంప్రెసర్ లోడ్ మీద ఎంత శాతం సమయం ఉందో ఈసీయూలో రాసిపెట్టండి, గవర్నర్ ఎలక్ట్రానిక్ అయినప్పుడు ఆ సమాచారం మీ దగ్గర ఉన్నట్టే. డ్రైవర్‌కి ఇవన్నీ చూపించక్కర్లేదు, పాపం ఆయన ముందు ఉన్న లైట్లే చాలు, మరీ దాటిపోతే ఒక లైటు, మిగతాది మేము స్కానర్ పెట్టినప్పుడు కనిపిస్తే చాలు. సెన్సర్ ఇవ్వలేమంటే కనీసం ఒక ప్లగ్ పెట్టిన బోర్ ఇవ్వండి, మేమే థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) దూర్చి చూసుకుంటాం.

టెస్ట్ కూడా మార్చాలి. కొత్త బండి, కొత్త పైపు, లీకులు లేని సిస్టమ్, బెంచి మీద ఫ్యాను గాలి, ఇలా చూస్తే ఏ కంప్రెసర్ అయినా పాసవుతుంది. మండే ఎండలో, ఐడిల్‌లో ఎక్కువసేపు, ఒక లెక్క ప్రకారం కావాలని పెట్టిన లీకుతో, పూర్తి బాడీ కట్టిన బండి మీద, ఇంజన్ గది తలుపులు మూసి చెయ్యండి. ఆ టెస్టుకి కంప్రెసర్, బండి, డ్రయర్ మూడు కంపెనీల వాళ్ళూ ఒకే షీటు మీద సంతకం పెట్టండి. అప్పుడు మా దగ్గరికొచ్చి ఇది మాది కాదు అనడానికి ఎవరికీ నోరు రాదు.

మాన్యువల్ విషయం. డెలివరీ పైపు తనిఖీ చెయ్యండి అని ఒక ముక్క రాసి వదిలేస్తారు. ఎలా చెయ్యాలి? కంప్రెసర్ వైపు యూనియన్ నట్టు విప్పడానికి టర్బో పైపు, హీట్ షీల్డు, రెండు బ్రాకెట్లు తీయాల్సొస్తే ఎవడు తీస్తాడు, సంతకం పెట్టి వదిలేస్తారు. ఆ నట్టుకి నేరుగా స్పానర్ అందేలా ఇవ్వండి, లోపలి దారి ఎంత సన్నబడితే పైపు మార్చాలో మిల్లీమీటర్లలో రాయండి.

చివరిది, చాలా చిన్నది, రేపే చెయ్యగలిగేది. కంప్రెసర్ మార్చిన బండి కొన్ని నెలలకే మళ్ళీ ఆయిల్ కొడుతూ వస్తుంటే పదిసార్లలో ఎనిమిదిసార్లు పాత డెలివరీ పైపే కొత్త కంప్రెసర్‌కి బిగించేసి ఉంటారు, లోపల పాత కార్బన్ అలాగే. కొత్తది పాతదాని చావే చస్తుంది. మీరు స్పేర్‌గా అమ్మే కంప్రెసర్ డబ్బాలో గ్యాస్కెట్లు పెడుతున్నారు, ఓ-రింగులు పెడుతున్నారు, అదే డబ్బాలో డెలివరీ పైపు మొదటి మీటరు ముక్కా, ఎల్బోకి బదులు ఒక వంపు పైపూ పెట్టండి, ఇవి మార్చకపోతే వారంటీ లేదని డబ్బా మీదే పెద్ద అక్షరాలతో అచ్చు వెయ్యండి. మెకానిక్కులు తిట్టుకుంటారు, నేనూ తిట్టుకుంటా, అయినా వేస్తాం.